జపాన్ సీనరీ: ఒక వెన్నెల కొండ, కార్డుల కట్టలు, మనం మరిచిపోయిన పేర్లు



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఓపిక ఉన్నప్పుడు, చాయ్ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన నెల మా పాత కారఖానా గది ఖాళీ చేశాం. మగ్గాలు తీసేసి ఏళ్ళయింది. అందులో మిగిలింది దుమ్ము, రెండు విరిగిన నాడెలు, సంచి నిండా ఖాళీ కండెలు, అటక మీద జాకార్డు కార్డుల కట్టలు. ఆ కట్టల కింద పాత చద్దరులో చుట్టిపెట్టిన ఒక వాల్ హ్యాంగింగ్ దొరికింది. విప్పి చూస్తే నీలం రంగు రాత్రి. వెనక ఒక పెద్ద కొండ, దాని పక్కన నిండు చందమామ, కింద చెరువు, ఒడ్డున చిన్న ఇల్లు, రెండు చెట్లు. మా చిన్నప్పుడు ఇంట్లో దాన్ని ‘జపాన్ సీనరీ’ అనేవాళ్ళు. ఎందుకలా అన్నారో అప్పుడు మేం ఎవరమూ అడగలేదు.

మా అబ్బాయి ఫోన్‌లో దాని ఫోటో తీసి వెతికాడు. అచ్చంగా అదే బొమ్మ దొరకలేదు గానీ, దాని అన్నదమ్ముల్లాంటివి చాలా వచ్చాయి. అన్నీ జపాన్ వాళ్ళ చెక్క అచ్చు బొమ్మలు. ప్రతి బొమ్మ పక్కనా వివరం ఉంది. గీసింది ఎవరు, అచ్చు వేయించింది ఎవరు, ఏ సంవత్సరం. కొన్నిటికి చెక్క చెక్కినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు కూడా ఉన్నాయి. అవన్నీ చదివి వాడు నన్ను అడిగాడు, “మరి మనది ఎవరు చేశారు నాన్నా?”

కార్డులు కొట్టింది మీ తాత అన్నాను. గ్రాఫ్ గీసింది ఎవరు? తెలియదు. నేసింది ఎవరు? తెలియదు. ఏ సంవత్సరం? అదీ తెలియదు.

సాయంత్రం మా గల్లీలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి దాన్ని పట్టుకెళ్ళాను. మా నాయన తోటివాడు, ఎనభై దాటాయి. బట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. “ఇది మీ నాయిన కొట్టిన కార్డుల మీదనే నేసిండ్రు బిడ్డా. ఓ సేఠ్ క్యాలెండర్ కాగితం తెచ్చిండు. దాన్ని చూసి గ్రాఫ్ గీసినోడు మనోడే, సాఖర్ పేఠ్‌ల ఉండేటోడు. పేరు నోట్లనే ఉంది, వస్తలేదు” అన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి అడిగాను. అప్పుడూ గుర్తు రాలేదు.

అప్పటినుంచి ఈ జపాన్ బొమ్మల గురించి దొరికినంత చదివాను. చదివినకొద్దీ అది మన కథలాగే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

*నాలుగు చేతుల పని*

జపాన్ చెక్క అచ్చు బొమ్మను ఒక్క మనిషి చేయడు. పెట్టుబడి పెట్టేవాడు ఒకడు, వాణ్ణి వాళ్ళు ‘హన్‌మోతో’ అంటారు. మన లెక్కలో కారఖాన్‌దార్ అనుకోండి. ఏ బొమ్మ అమ్ముడుపోతుందో అతనే తేల్చి చిత్రకారుడికి పని చెబుతాడు. చిత్రకారుడు పల్చని కాగితం మీద గీతలు గీసి ఇస్తాడు. ఆ కాగితాన్ని చెర్రీ చెక్క పలక మీద బోర్లా అంటించి, గీతలను మాత్రం ఉంచి మిగతా చెక్కను తొలిచేస్తాడు చెక్కేవాడు. అసలు కాగితం ఆ పనిలోనే పోతుంది. తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో పలక. ఆకాశం నీలానికి ఒకటి, చెట్ల ఆకుపచ్చకు ఒకటి, ఇంటి పైకప్పుకు ఒకటి. చివరికి అచ్చు వేసేవాడు తడి కాగితాన్ని ఒక పలక తర్వాత ఒక పలక మీద పెట్టి, ‘బారెన్’ అనే గుండ్రటి సాధనంతో వెనక నుంచి రుద్దుతాడు. అక్కడ యంత్రం లేదు. చేతి బలమూ, చేతి లెక్కా.

ఇన్ని పలకల మీద కాగితం వెంట్రుకంత కూడా జరగకూడదు. అందుకని ప్రతి పలక మీదా ఒక మూలన ఎల్ ఆకారంలో ఒక గాటు, అంచున ఇంకో నిలువు గాటు పెడతారు. వాటిని ‘కెంతో’ అంటారు. కాగితం మూల, అంచు ఆ గాట్లలో సరిగ్గా కూర్చుంటే రంగు మీద రంగు కుదురుతుంది. తప్పితే చందమామ పక్కకు జారిపోయి రెండు చందమామలు కనబడతాయి.

కార్డుల మీద పనిచేసిన వాళ్ళకు ఈ భయం తెలుసు. కుట్టేటప్పుడు ఒక్క కార్డు తిరగబడినా, వరుస మారినా, చద్దరు నిండా అదే చోట అదే తప్పు పడుతూ పోతుంది. మా నాయన కట్ట కుట్టిన తర్వాత ప్రతి కార్డు మీదా నంబరు చూసుకుంటూ వేలితో మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేవాడు. అలా లెక్కపెడుతున్నప్పుడు మేం మాట్లాడితే తిట్లు పడేవి.

*చందమామను ఎవరూ అచ్చు వేయరు*

ఈ బొమ్మల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. వెన్నెల బొమ్మలో చందమామకు సాధారణంగా తెల్ల రంగు వేయరు. ఆకాశం నీలం పలకలో చందమామ ఉన్నంత మేర చెక్కను తొలిచేస్తారు. అక్కడ రంగు అంటదు. కాగితం తెలుపే చందమామ అవుతుంది. చెక్కినవాడు తీసేసిన చోట నుంచి వెలుగు వస్తుంది.

ఆకాశం పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పల్చబడుతుంది చూడండి, అది చెక్కడంలో రాదు. అచ్చు వేసేవాడు పలకను తడిపి, రంగును ఒక వైపు ఎక్కువగా, ఇంకో వైపుకు తగ్గిస్తూ కుంచెతో లాగుతాడు. దాన్ని ‘బొకాషి’ అంటారు. ప్రతి కాగితానికీ ఆ పని మళ్ళీ చేయాలి. అందుకే ఒకే పలక మీద వేసిన రెండు బొమ్మల్లో కూడా రాత్రి అచ్చంగా ఒకేలా ఉండదు.

మరి నేతలో చందమామ ఎలా వస్తాడు? జాకార్డులో కార్డుకు రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, హుక్కు లేస్తుంది, దానితో పడుగు పోగు పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉంటుంది, దాని మీద నుంచి పేక పోతుంది. పడుగు తెల్లది, పేక నీలం అయితే, నీలం పేకను బట్ట వెనక్కి పంపిన చోట తెల్ల చందమామ కనబడతాడు. ఇక్కడా చందమామను ఎవరూ అతికించలేదు. నీలాన్ని పక్కకు తప్పించారు, అంతే.

బొకాషి మాత్రం మగ్గం మీద అలా రాదు. దానికి రెండు దారులు. ఒకటి, ఆకాశం నేస్తూ పోయేకొద్దీ కండెలు మార్చడం, ముదురు నీలం తర్వాత ఒక మెట్టు తక్కువ నీలం, ఆ తర్వాత ఇంకో మెట్టు. రెండోది గ్రాఫ్‌లోనే చేయాలి. గళ్ళను దగ్గర దగ్గరగా నింపితే ముదురు, దూరం దూరంగా నింపితే లేత. దూరం నుంచి చూస్తే కన్ను ఆ చుక్కలను కలిపేసుకుంటుంది. కొండ నీడ పక్కన గళ్ళు ఎన్ని వదలాలో తెలియడమే గ్రాఫ్ గీసేవాడి చదువు. మా జపాన్ సీనరీలో కొండ ఒక పక్క వెన్నెలలో మెరుస్తుంది, ఇంకో పక్క నీడలో కరిగిపోతుంది. ఆ పేరు తెలియని మనిషికి ఆ చదువు బాగా వచ్చు.

లెక్క కూడా చెబుతాను, పిల్లలకు తెలియాలి. అంగుళానికి 40 పేకలు అనుకోండి. 30 అంగుళాల బొమ్మకు 1200 వరుసలు. ఒక్కో వరుసకు రెండు రంగుల పేక ఉంటే 2400 కార్డులు. ప్రతి కార్డునూ గ్రాఫ్ చూస్తూ కొట్టాలి. 1839లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జాకార్డు దొరగారి బొమ్మనే పట్టులో నేసినప్పుడు సుమారు 24,000 కార్డులు పట్టాయి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ బొమ్మ ఒకటి సంపాదించి ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించేవాడు. ఆయన తలపెట్టిన లెక్కల యంత్రానికి కార్డుల ఆలోచన జాకార్డు మగ్గం నుంచే వచ్చింది. కంప్యూటర్ చదివే మన పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

*ఒక గిన్నె సేమ్యా ధర*

ఈ బొమ్మలను ఇప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక పెడుతున్నారు. పుట్టినప్పుడు అవి అలాంటివి కావు. ఇప్పటి టోక్యోను ఎడో అనేవాళ్ళు. ఆ ఎడోలో మామూలు జనం, కూలీలు, దుకాణాల వాళ్ళు వీటిని కొనేవాళ్ళు. సోబా అని వాళ్ళ సేమ్యా లాంటిది ఒకటి ఉంది, ఒక గిన్నె సోబాకు అయ్యేంత ఖర్చుతో దాదాపు ఒక బొమ్మ వచ్చేదట. గోడకు అతికించుకునేవాళ్ళు, పాతబడితే పారేసేవాళ్ళు.

హొకుసాయ్ (1760-1849) ఫుజి కొండను రకరకాల చోట్ల నుంచి చూపిస్తూ 1830 ప్రాంతంలో ఒక వరుస మొదలుపెట్టాడు. పేరుకు 36 దృశ్యాలు, జనం అడిగేసరికి ఇంకో 10 కలిపి 46 అయ్యాయి. ఆ బొమ్మల్లో ముదురు నీలం జర్మనీలో పుట్టిన ప్రష్యన్ బ్లూ. కొండ వాళ్ళది, రంగు పరాయిది. ఆయన తర్వాతివాడు హిరొషిగె (1797-1858) దారి బొమ్మలకు పేరు. కొండల మధ్య నుంచి వెళ్ళే కిసో దారిలోని మజిలీలను ఎయిసెన్ అనే ఇంకో చిత్రకారుడితో కలిసి బొమ్మలు కట్టాడు. అందులో ఒక మజిలీ పేరు మోచిజుకి. ఆ మాటకు అర్థమే పున్నమి చంద్రుడు. పెద్ద పెద్ద చెట్ల కింద బాటసారులు నడుస్తుంటారు, పైన నిండు చంద్రుడు.

ఆ బాటసారులను చూస్తే నాకు మనవాళ్ళే గుర్తొచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు పల్లెల నుంచి కరువుకో అప్పుకో తాళలేక, మూటలు నెత్తిన పెట్టుకుని షోలాపూర్ దారి పట్టిన మన ముత్తాతలు. 1877లో ఇక్కడ జూనీ మిల్ మొదలయ్యింది, రైలు అప్పటికే వచ్చింది. మిల్లులో కొందరు, ఇంట్లో మగ్గం పెట్టుకుని కొందరు, బీడీలు చుట్టుకుంటూ మన ఆడవాళ్ళు, అలా ఈ తూర్పు భాగం నిండింది. వాళ్ళు నడిచిన దారికి బొమ్మ కట్టినవాడు లేడు.

*జపాన్‌కు మన బట్ట ఎప్పుడో వెళ్ళింది*

“జపాన్‌కూ మనకూ ఏం సంబంధం?” అని ఒక తమ్ముడు అడిగాడు. సంబంధం ఉంది, పాతది కూడా. 17వ శతాబ్ది మొదట్లో డచ్చి కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. కోరమండల్ తీరంలో తెలుగువాళ్ళు నేసిన నూలు బట్టలు, కలంతో గీసినవీ, చెక్క అచ్చుతో అద్దినవీ, వాళ్ళ ఓడల్లో తూర్పు దేశాలకు వెళ్ళాయి. జపాన్ అప్పుడు పరాయి దేశాలకు తలుపులు మూసుకుంది. 1641 నుంచి నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో డచ్చివాళ్ళను మాత్రం ఉండనిచ్చింది. ఆ సందులోంచే మన దేశపు అద్దకం బట్ట జపాన్‌లోకి వెళ్ళింది. దాన్ని వాళ్ళు ‘సరాసా’ అన్నారు. ఎంత అపురూపమంటే, చిన్న ముక్క దొరికినా టీ పొడి భరిణెకు సంచి కుట్టించి, అతిథులకు చూపించుకునేవాళ్ళు. తర్వాత చూసి చూసి వాళ్ళే సొంతంగా సరాసా అద్దడం నేర్చుకున్నారు.

మద్రాసు దగ్గర శాంథోమ్ పేరు మీద వెళ్ళిన చారల నూలు బట్టను వాళ్ళు ‘సంతోమే’ అన్నారు. ఆ చారలు ఎడోలో పెద్ద ఫ్యాషన్ అయ్యాయి. పాత జపాన్ బొమ్మల్లో ఆడవాళ్ళ చారల కిమోనోలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. పేరు లేని మన తీరపు నేతగాడి గీత అక్కడిదాకా నడిచింది. మూడు వందల ఏళ్ళ తర్వాత క్యాలెండర్ కాగితం రూపంలో వాళ్ళ కొండ మన మగ్గం ఎక్కింది. బాకీ తీరినట్టే.

*ఆ చలికాలం*

జపాన్ చిత్రకారుల్లో మనం తెలుసుకోవాల్సిన మనిషి యోషిదా హిరోషి (1876-1950). కొండలంటే పిచ్చి, ఎక్కి మరీ గీసేవాడు. మొదట్లో వాతనాబె షోజబురో అనే ప్రచురణకర్తకు బొమ్మలు ఇచ్చాడు. 1923 సెప్టెంబర్ 1న టోక్యో భూకంపం వచ్చింది, దాని వెంట మంటలు. వాతనాబె దుకాణం, చెక్క పలకలు, అచ్చు కాగితాలు కాలిపోయాయి. యోషిదా మిగిలిన బొమ్మలు పట్టుకుని అమెరికా వెళ్ళాడు. అక్కడ జపాన్ అచ్చు బొమ్మలకు, నాసిరకం వాటికి కూడా, ఉన్న గిరాకీ చూసి ఆశ్చర్యపోయాడు. తిరిగి వచ్చి 1925లో సొంత పనిశాల పెట్టాడు. చెక్కేవాళ్ళను, అచ్చు వేసేవాళ్ళను తన దగ్గరే పెట్టుకుని పక్కన నిలబడి పని చేయించాడు. వాళ్ళ పని తనకూ రావాలని తానూ నేర్చుకున్నాడు.

ఆయన చేసిన గొప్ప పని ఒకటి ఉంది. 1925లో స్విట్జర్లాండ్ కొండ మాటర్‌హార్న్‌ను చెక్కించి, రంగులు మార్చి రెండు బొమ్మలు వేశాడు. ఒకటి పగలు, ఒకటి రాత్రి. ఈజిప్టు స్ఫింక్స్‌కూ అలాగే చేశాడు. 1926లో తెరచాప పడవల బొమ్మకు అవే పలకల మీద పొద్దున, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి అంటూ వేరు వేరు వేళలు అచ్చు వేశాడు. చెక్క మారలేదు, రంగు మారింది, దాంతో పొద్దు మారిపోయింది.

ఇది చదివి నేను లేచి నిలబడ్డాను. ఎందుకంటే మన కారఖానాల్లో అందరూ చేసింది ఇదే. కార్డుల కట్ట అదే, పేక రంగు మార్చితే వేరే చద్దరు. చద్దరును తిప్పి చూడండి. ఒక వైపు ఎరుపు మీద తెల్ల పువ్వు, ఇంకో వైపు తెలుపు మీద ఎర్ర పువ్వు. ఒక పక్క పగలు, ఇంకో పక్క రాత్రి. యోషిదాకు రెండుసార్లు అచ్చు వేయాల్సి వచ్చింది, మనకు ఒకే నేతలో రెండూ వస్తాయి!

యోషిదా 1930 చివర్లో కొడుకు తోషిని వెంటబెట్టుకుని మన దేశానికి వచ్చాడు. కొన్ని నెలలు తిరిగాడు. కాంచనగంగ కొండను, వెన్నెల్లో తాజ్‌మహల్‌ను, కాశీ ఘాట్లను, మధుర మీనాక్షి గుడిని, మన మహారాష్ట్రలో అజంతా, ఎల్లోరా గుహలను గీసుకుని వెళ్ళి 1931, 1932లలో అచ్చు వేశాడు.

ఆ చలికాలంలో మన షోలాపూర్ ఎలా ఉంది? 1930 మే నెలలో ఇక్కడ మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుసేన్ నలుగురినీ ఎరవాడలో ఉరితీశారు. ఒక పరాయి చిత్రకారుడు మన దేశపు వెన్నెలను కాగితానికి ఎత్తుకుంటున్న రోజుల్లోనే ఈ ఊరు నలుగురు బిడ్డల కోసం ఏడుస్తోంది. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. బొమ్మ అందంగా ఉన్నంత మాత్రాన కాలం అందంగా ఉన్నట్టు కాదు, అంతే. నాలుగు హుతాత్మల విగ్రహాల ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

*క్యోటో నేతగాళ్ళు ముగ్గురు*

జాకార్డు జపాన్‌కు ఎలా చేరిందో కూడా వినండి. క్యోటోలో నిషిజిన్ అని నేత పేట ఉంది. మన సాఖర్ పేఠ్, భవానీ పేఠ్ లాంటిదే, గల్లీ గల్లీలో మగ్గం చప్పుడు. రాజధాని టోక్యోకు మారిపోయాక అక్కడ పట్టు కొనేవాళ్ళు తగ్గి నేత కుదేలయింది. 1872లో క్యోటో ప్రభుత్వం ముగ్గురిని లియాన్ పంపింది. సకురా త్సునెషిచి, ఇనోఉఎ ఇహెయి, యోషిదా చూషిచి. ఇద్దరు జాకార్డుతో తిరిగి వచ్చారు. ఇంకొన్నాళ్ళు ఉండి నేర్చుకుందామని ఆగిన చూషిచి 1874లో తిరిగి వస్తుండగా, సొంత దేశపు తీరం కనబడే దూరంలో ఓడ మునిగి చనిపోయాడు. వాళ్ళు తెచ్చిన విద్యతో నిషిజిన్ నిలబడింది.

చూడండి, 150 ఏళ్ళు దాటినా ఆ ముగ్గురి పేర్లు ఇక్కడ షోలాపూర్‌లో కూర్చుని నేను రాయగలుగుతున్నాను. మన గల్లీలోకి మొదటి జాకార్డు డబ్బా ఎవరు తెచ్చారో, మొదట కార్డు కొట్టడం ఎవరు నేర్పారో రాయమంటే నా చెయ్యి ఆగిపోతుంది.

*పేరు లేని అంచు*

నిజం చెప్పాలి, జపాన్‌లో కూడా అందరికీ న్యాయం జరగలేదు. పాత బొమ్మల మీద చిత్రకారుడి సంతకం, ప్రచురణకర్త ముద్ర ఉంటాయి. చెక్కినవాడి పేరు అరుదు, అచ్చు వేసినవాడి పేరు ఇంకా అరుదు. కానీ వాళ్ళు మేలుకున్నారు. 1953లో అక్కడి ప్రభుత్వం, ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారని, కవాసె హాసుయి చేత ఒక మంచు బొమ్మ కట్టించి, ఏ పలక తర్వాత ఏ పలక, ఏ రంగు తర్వాత ఏ రంగు అన్నది మెట్టు మెట్టుగా రికార్డు చేయించింది. ఇదే హాసుయి గీసిన పుస్తకాలన్నీ 1923 మంటల్లో పోయాయి. పోగొట్టుకున్నవాళ్ళకు దాచుకోవడం విలువ తెలుస్తుంది.

మన షోలాపూరి చద్దరుకు, టెర్రీ టవల్‌కు 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రోజు మనమందరం గర్వపడ్డాం, పడాలి కూడా. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. చద్దరు మీద చీటీ కంపెనీ పేరును కాపాడుతుంది. గ్రాఫ్ గీసినవాడి పేరు, కార్డు కొట్టినవాడి పేరు, నేసినవాడి పేరు కాపాడే చీటీ మాత్రం ఇంకా కుట్టలేదు. అది ప్రభుత్వం కుట్టదు. మనమే కుట్టుకోవాలి.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకుంటాను. ఈ వాల్ హ్యాంగింగ్ దొరకడానికి ముందు సంవత్సరం, అదే అటక మీద నుంచి సగం కార్డుల కట్టలు నేనే దింపించి రద్దీవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చాను. ఇంట్లో జాగా లేదని. ఆ డబ్బులు ఎంత వచ్చాయో కూడా గుర్తులేదు. వాటిలో ఈ వెన్నెల కొండ కార్డులు ఉన్నాయేమో నాకు తెలియదు. మిగిలిన కట్టలన్నీ విప్పి చూశాను, వాటిలో లేవు. యోషిదాకు, హాసుయికి పలకలు, పుస్తకాలు భూకంపంలో పోయాయి. నాకు ఏ భూకంపమూ రాలేదు. నేనే తూచి అమ్మాను.

కొందరు అంటారు, “ఇప్పుడు ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చింది, కంప్యూటర్‌లో డిజైన్, కార్డులు ఎవరికి కావాలి?” అని. మాట నిజమే. రేపు ఎవరూ కార్డుల మీద చద్దరు నేయరు, నేయాలని నేనూ అనడం లేదు. పవర్‌లూం మీద బతికే కుటుంబాలకు కావాల్సింది కూలీ, ఆర్డరు, కరెంటు బిల్లులో ఊరట. అది వేరే పోరాటం, దానికి వేరే పోస్టు రాస్తాను. కానీ కంప్యూటర్‌లో డిజైన్ గీసే మన పిల్లవాడికి, గళ్ళు దూరంగా వదిలితే వెన్నెల ఎలా వస్తుందో చూపించే పాఠం ఆ పాత గ్రాఫ్ కాగితాల్లోనే ఉంది. దాన్ని తూకానికి ఇచ్చేస్తే, వాడు రేపు ఆ చదువునే డబ్బు పెట్టి బయటివాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

*నేను అడిగేది*

ఎక్కువ అడగను. మూడు పనులు.

మొదటిది, మీ అటక మీద, మంచం కింద, గోదాములో పాత గ్రాఫ్ కాగితాలు, కార్డుల కట్టలు, నమూనా ముక్కలు ఉంటే రద్దీకి వేయకండి. కనీసం ఫోన్‌తో ఫోటో తీసి మన గ్రూపులో పెట్టండి.

రెండోది, మీ ఇంట్లో గ్రాఫ్ గీసినవారు, కార్డు కొట్టినవారు, జాకార్డు కట్టినవారు, వాల్ హ్యాంగింగ్ నేసినవారు ఉంటే వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. ఏ సంవత్సరం, ఏ పేఠ్, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ రాసుకోండి. ఆడవాళ్ళను మరవకండి. కండెలు చుట్టింది, కార్డులు కుట్టింది చాలా ఇళ్ళలో అమ్మలే. ముందు వాళ్ళను అడిగి, సరే అంటేనే పేరు బయట పెట్టండి.

మూడోది, మన సంఘం పెద్దలకు మనవి. సంఘం భవనంలో ఒక గోడ, ఒక బీరువా ఇవ్వండి చాలు. గోడ మీద బట్ట, దాని కింద చిన్న అట్ట. గీసినవారు, కార్డు కొట్టినవారు, నేసినవారు. తెలియని చోట ఖాళీ వదలండి. ఖాళీ కనబడితేనే ఎవరో ఒకరు వచ్చి నింపుతారు.

నూలు పున్నమి వస్తోంది. మార్కండేయ మహాముని రథం మన వీధుల్లో తిరిగే రోజు. ఆ రాత్రి పైన ఉండేది నిండు చంద్రుడే. పండగకు వచ్చే చుట్టాల్లో పెద్దవాళ్ళుంటారు, వాళ్ళను అడగడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. నేను మా జపాన్ సీనరీని ఆ రోజు మా గడప ముందు గోడకు వేలాడదీస్తాను. దాని కింద అట్ట మీద ఇలా రాసి పెడతాను. కార్డులు: మా నాయన. నేత: ఖాళీ. గ్రాఫ్: ఖాళీ.

సాఖర్ పేఠ్‌లో ఉండి, సేఠ్ తెచ్చిన క్యాలెండర్ చూసి వెన్నెల కొండను గళ్ళలో గీసిన ఆ పెద్దమనిషి మీ తాతో, మీ మామో అయి ఉండొచ్చు. మీకు తెలిస్తే వచ్చి ఆ ఖాళీలో ఆయన పేరు రాయండి. పెన్ను అక్కడే కట్టి ఉంచుతాను.

జై మార్కండేయ.